ఆఫ్రికా వార్తలు ఎక్కడ చదవాలి?

మన పత్రికల్లో ఆఫ్రికా అంటే మూడే రకాల వార్తలు. కరువు, కుట్ర, క్రికెట్. ఆ మూడోది కూడా దక్షిణాఫ్రికా జట్టు మనతో ఆడేటప్పుడే. నేనుండే అమెరికాలో పరిస్థితి ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు, క్రికెట్ ఒక్కటి తగ్గిందంతే. యాభై నాలుగు దేశాలున్న ఖండమండీ అది!

ఒక ప్రాజెక్టులో నాతో పనిచేసిన కెన్యా మిత్రుడు మా దేశం గురించి లండన్ పేపర్లో చదవొద్దని ఎప్పుడూ పోరు పెట్టేవాడు. అలా మొదలై, ఆఫ్రికా వాళ్ళు తమ వార్తలు తామే రాసుకుని నెట్‌లో పెట్టుకున్న కథ కొంత తవ్వాను. నన్ను బాగా పట్టుకున్నది జొహానెస్‌బర్గ్‌లోని ఒక వారపత్రిక.

1985లో రాండ్ డైలీ మెయిల్ అనే దినపత్రిక మూతపడింది. జాతివివక్షని గట్టిగా ఎదిరించిన పత్రిక అది. రోడ్డున పడ్డ విలేకరులు కొందరు, ఆంటన్ హార్బర్, ఇర్విన్ మనోయిమ్ సారథ్యంలో, అదే ఏడు వీక్లీ మెయిల్ మొదలుపెట్టారు. డబ్బుల్లేవు. అప్పుడే కొత్తగా వచ్చిన మ్యాకింటోష్ కంప్యూటర్ మీద పేజీలు పెట్టుకున్నారు. పెద్ద ప్రెస్సు హంగామా లేకుండా పత్రిక తేవచ్చని తొలిరోజుల్లోనే కనిపెట్టినవాళ్ళలో వీళ్ళు కూడా ఉన్నారు.

1986 జూన్‌లో దేశమంతటా ఎమర్జెన్సీ. పోలీసులూ సైన్యమూ చేసే పనుల గురించి రాయకూడదు. మన 1975 గుర్తున్నవాళ్ళకి ఈ వాసన తెలుసు. వీక్లీ మెయిల్ వాళ్ళు ఏం చేశారంటే, రాయకూడని వాక్యాల మీద నల్ల గీతలు కొట్టి అలాగే అచ్చేశారు. చూసేవాడికి ఏం చదవలేకపోతున్నాడో తెలియదు, కానీ ఏదో దాస్తున్నారని మాత్రం తెలుస్తుంది. సర్కారుకి ఇది ఎంత మంటపుట్టించిందంటే, చివరికి అలా ఖాళీలు వదలడం కూడా తప్పేనని ఇంకో నిబంధన తెచ్చింది. 1988లో ఒక నెలపాటు పత్రికనే ఆపించింది. అయినా నడిచింది. అదే ఇప్పటి మెయిల్ అండ్ గార్డియన్.

ఆ పత్రిక 1994లోనే నెట్‌కి ఎక్కింది, ఆఫ్రికాలో అందరికన్నా ముందు. మండేలా గెలిచిన సంవత్సరం. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. "వెనకబడ్డ ఆఫ్రికా" అనేముందు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

రెండో కథ మా వృత్తివాళ్ళది. 2007 డిసెంబరులో కెన్యా ఎన్నికల ఫలితం మీద గొడవలు రేగాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలు ఆపేసింది. ఓరీ ఒకొల్లో అనే లాయరమ్మ కెన్యన్ పండిట్ పేరుతో రాస్తుండేది (పండిట్ మన మాటే, ఎంత దూరం పోయిందో చూడండి). ఎక్కడ ఏం జరుగుతోందో మ్యాప్ మీద గుర్తుపెట్టే సాధనం ఎవరైనా చేస్తారా అని అడిగింది. కొద్ది రోజుల్లోనే, 2008 జనవరిలో, ఉషాహిది తయారైంది. స్వాహిలిలో సాక్ష్యం అని అర్థం. కోడ్ రాసిన డేవిడ్ కోబియా అమెరికాలో ఉంటున్న కెన్యావాడే. ఎస్సెమ్మెస్ పంపితే మ్యాప్ మీద చుక్క పడుతుంది. 2010లో హైతీ భూకంపమప్పుడు కూడా ఇదే వాడారు. పరాయి దేశంలో కూర్చుని సొంతూరికి ఏం చెయ్యగలం అని నిట్టూర్చే నాలాంటి వాళ్ళకి ఈ చుక్కల మ్యాప్ కొంచెం గుచ్చుకుంటుంది.

ఇక రోజువారీ చదువుకి ఆల్ఆఫ్రికా ఉంది. 1973లో నార్త్ కరోలినాలో ఆఫ్రికా న్యూస్ సర్వీస్‌గా పుట్టి, 2000లో ఈ రూపానికొచ్చింది. వందకు పైగా సంస్థల వార్తలు ఒకేచోట దొరుకుతాయి. చిక్కేమిటంటే సర్కారు పత్రికా, సర్కారుని తిట్టే పత్రికా ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇథియోపియన్ హెరాల్డ్ ప్రభుత్వానిదే. రువాండా న్యూ టైమ్స్‌కి ప్రభుత్వ పక్షమని పేరు. పత్రిక ఎవరిదో చూసుకోకుండా చదివితే, మన ఊళ్ళో ఒకే పార్టీ పేపరు చదివినట్టే ఉంటుంది. వారానికొకటి చాలనుకుంటే ది కాంటినెంట్. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ పుకార్లు వాట్సాప్‌లో పరుగెడుతున్నప్పుడు, ఆ వాట్సాప్‌లోనే పీడీఎఫ్ పత్రికగా వచ్చింది. దొంగ తిరిగే దారిలోనే కాపలా అన్నమాట.

మనకి సొంతంగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేలమందికి పైగా చెరకు తోటల కూలికి నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. ఆ ఓడల జాబితాలు క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి కేంద్రం ద్వారా కంప్యూటర్‌కెక్కాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటిమీద పుట్టుమచ్చ.

వెతికేటప్పుడు ఒక్క సంగతి. విశాఖపట్నం అని కొడితే రాదు, వైజాగపటాం అని ఇంగ్లీషులో కొట్టాలి. గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాలు కూడా వదలొద్దు, అప్పటి హద్దులు వేరు. పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు, కాబట్టి అప్పన్నని మూడు నాలుగు స్పెల్లింగులతో పిలిచి చూడండి.