లొట్టపీసు

ఉష్ణమండల అమెరికా నుంచి భారతదేశానికి వచ్చిన పొద మొక్క లొట్టపీసు (ఐపోమియా కార్నియా). కన్వాల్వులేసి కుటుంబానికి చెందిన ఇది వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న రాజోలు ప్రాంతంలోనూ, గోదావరి డెల్టాలోని ఇతర చోట్లా కాలువ గట్ల మీద, మురుగు కాలువల్లో పెరుగుతుంది. సుమారు 2–3 మీటర్ల ఎత్తు పెరిగే దీనిని, లోపల బోలుగా ఉండి విరిస్తే పాలు కారే కాండం, హృదయాకారపు ఆకులు, లోపలి గొంతు ముదురు రంగులో ఉండే లేత గులాబీ గరాటు పూలు, పట్టువంటి నూగు కప్పిన గింజలు అనే లక్షణాలతో గుర్తించవచ్చు. ఇదే ప్రజాతికి చెందిన తూటికూర నీటిపై పాకే తినదగిన తీగ కాగా, లొట్టపీసు నిటారుగా నిలిచే విషపు మొక్క. విరిగిన కాండపు ముక్కలు తడినేలలో వేళ్లూనుకొని కొత్త మొక్కలవుతాయి కనుక, నరికిన కొమ్మలను కాలువలో వదలకూడదు. దీనిలోని స్వైన్సోనిన్ అనే ఆల్కలాయిడ్ నాడీకణాలను దెబ్బతీస్తుంది. ఎక్కువకాలం తిన్న మేకలు, గొర్రెలు చనిపోవచ్చు.