సెగ ఎంతో ధార అంత

మొగల్తూరులో వేన్నీళ్ల చరిత్ర రాయాలంటే కోటలోకి వెళ్లక్కర్లేదు, పెరట్లోకి వెళ్తే చాలు. కలిదిండి రాజుల ఊరిగా, తర్వాత ఇద్దరు సినీ కథానాయకుల సొంతూరుగా దీనికి పేరొచ్చింది గానీ, రాజుగారి స్నానమైనా రైతు స్నానమైనా పొయ్యిమీది కాగు కాగాకే. వంటకి మంచి పుల్లలు పోగా, నీళ్ల పొయ్యికి దక్కేవి కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, తాటాకులు, పేరుపాలెం తీరానికి దగ్గరైతే సరుగుడు తోటల్లో ఏరుకొచ్చిన చితుకులు. ధనుర్మాసం పొడుగునా ఆ పొయ్యి ఆరేది కాదు. భోగినాడు తలంటికైతే ఇంటిల్లిపాదీ వరసకట్టేవారు.

ఇంతమందికి ఒక్క కాగు ఎలా సరిపోయేది? లెక్క వేసి చూస్తే ముచ్చటేస్తుంది. కాగులో 50 లీటర్లున్నాయనుకుందాం. నూతినీళ్లు 25 డిగ్రీలు, కాగాక 75. ఒంటికి హాయినిచ్చేది 40 డిగ్రీల దగ్గర. మూడు చెంబుల వేన్నీళ్లకి ఏడు చెంబుల చన్నీళ్లు కలిపితే సరిగ్గా అక్కడికొస్తుంది. అంటే ఆ 50 లీటర్లే 160 లీటర్లు దాటతాయి, ఎనిమిది మంది తలా ఒక పెద్ద బకెట్‌తో స్నానం చేసేయొచ్చు. వేన్నీళ్లకి చన్నీళ్లు తోడు అని పెద్దలు ఊరికే అనలేదు. కాగుకున్న గొప్ప సౌకర్యం ఏంటంటే, నీళ్లు కాచే పని వేరు, వాడుకునే పని వేరు. తెల్లవారుజామున రాజేసిన మంట కాగులో నిలవుంటుంది. ఎవరెంత తొందరగా తోడుకున్నా మంటతో పేచీ లేదు.

ఆ పేచీ మొదలైంది పారే నీటిని పారుతుండగానే కాచాలన్న ఆశతో. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరే దానికి పెట్టాడు: గీజర్. అందులో మంట తాలూకు పొగ బయటికి పోయే గొట్టమే లేదు. 1894లో జర్మనీలో యోహాన్ వైలంట్ నీళ్లకి పొగ తగలకుండా, రెంటికీ వేర్వేరు దారులున్న గీజరు తయారుచేశాడు.

నాకు వీళ్లిద్దరికన్నా జర్మన్ ఇంజినీరు హ్యూగో యుంకర్స్ మీద ఎక్కువ గురి. ఆయన ముందు చేసింది గీజరు కాదు, గ్యాస్‌లో ఎంత వేడి ఉందో కొలిచే పరికరం. ఒకే ధారగా నీళ్లు పోనిస్తూ, లోపల గ్యాస్ మండిస్తూ, వచ్చే నీళ్లెంత వేడెక్కాయో చూస్తే మంట బలం తెలిసిపోతుంది. 1892 నాటి మాట ఇది. నీళ్లు కాచే యంత్రం కూడా ఇదే కదా, లెక్కని తిరగేస్తే! దెస్సావులో ఆయన స్నానాల గదుల హీటర్ల కంపెనీ పెట్టాడు. పూర్తిగా లోహంతో విమానం చేసి 1915లో ఎగరేసిందీ ఆయనే.

యుంకర్స్ లెక్కే ఇవాళ్టికీ శాసనం. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.2 కిలోజౌళ్లు కావాలి. మంట బలం ఇంతే అని ఖాయమైపోయాక, ధార పెంచితే వేడి తగ్గుతుంది, వేడి కావాలంటే ధార తగ్గించాలి. రెండూ కావాలంటే కుదరదు. లండన్‌లో కాపురం పెట్టిన మనవాళ్ల ఇళ్లలో గోడకి ఒక పెట్టె ఉంటుంది, కాంబి బాయిలర్ అంటారు. ఇల్లు వెచ్చబెట్టేదీ అదే, స్నానానికి నీళ్లిచ్చేదీ అదే. 24 కిలోవాట్ల బాయిలర్ చలికాలంలో 10 డిగ్రీల నీటిని 45కి తెస్తూ నిమిషానికి పది లీటర్లకి మించి ఇవ్వలేదు. మొగల్తూరులో 25 డిగ్రీల నీళ్లని 40కి తేవడానికైతే పదిన్నర కిలోవాట్ల గ్యాస్ గీజరు చాలు, ధార అంతే వస్తుంది. చలిలేని ఊళ్లో పుట్టినందుకు అదొక లాభం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కాగు అలవాటు చేతికి పోలేదు. నీళ్లు బాగా వేడిగా వచ్చేలా గీజరు పెట్టేసి, షవర్ దగ్గర చన్నీళ్ల పంపు తిప్పి కలుపుకుంటాం. చన్నీళ్లు జోరుగా కలిసేకొద్దీ గీజరులోంచి వచ్చే ధార సన్నబడుతుంది. సన్నబడితే నీళ్లు ఇంకా కాలిపోతాయి, మనం ఇంకాస్త చన్నీళ్లు తిప్పుతాం. చివరికి గ్యాస్ తెరిచే మీట నిలబడేంత ధార కూడా లేక మంట ఆరిపోతుంది, ఒంటిమీద చల్లటి నీళ్లు పడతాయి. కాంబి బాయిలర్‌ది కాస్త తెలివైన యంత్రాంగం, ధారని కనిపెట్టి మంటని తగ్గించుకోగలదు. కానీ అలా తగ్గడానికీ ఒక హద్దుంది. అందుకే కలపడం మానేసి మంటనే తగ్గించుకుని, వేన్నీళ్ల పంపు పూర్తిగా తిప్పాలి. బకెట్‌లో పట్టుకుని తొరుపుకునేవాళ్లకి ఈ బెడదే లేదు.

ట్యాంకు కింది అంతస్తులోనే బాత్రూమున్న ఇళ్లలో ఒత్తిడి చాలక గీజరు అసలు వెలగదు. సముద్రం దగ్గరి బోరునీళ్ల సంగతి సరేసరి. లోపలి రాగి గొట్టానికి సున్నంలా తెల్లటి పొర పట్టి దారి ఇరుకవుతుంది, ఏడాదికేడాది ధార తగ్గుతుంది. కంపెనీవాణ్ని తిట్టుకునేముందు ఆ పొర కరిగించి చూడాలి. పెరట్లో పొయ్యి పొగ ఆకాశంలోకి పోయేది గానీ, తలుపులు మూసిన బాత్రూములో గ్యాస్ గీజరు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా మనిషిని పడగొడుతుంది. దాన్ని బయటి గోడకి బిగించి, గొట్టంతో నీళ్లే లోపలికి తెచ్చుకోవాలి.

ఇంధనం సంగతి చూస్తే, డొక్కల పొయ్యిల కిందే గ్యాస్ ఉందన్నమాట. 1978లో నరసాపురంలో ఓఎన్‌జీసీ అన్వేషణ బావి తవ్వింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ప్రాణాలు పోయాయి. ఆ గ్యాస్ ఇంకెక్కడెక్కడికో పోతుండగా, 1999లో మొదలైన దీపం పథకంతో పల్లె వంటిళ్లకి సిలిండర్ వచ్చింది. అయితే సిలిండర్‌లోని గ్యాస్, ఇళ్లకి పైపులో వచ్చే గ్యాస్ ఒక్కటి కాదు. పైపులో వచ్చే మీథేన్‌కి, ఘనపరిమాణం అంతే అయినా, సిలిండర్ గ్యాస్ వేడిలో సగం కూడా ఉండదు. పైపు కనెక్షన్ తీసుకున్నవాళ్లు పాత గీజరుకి జెట్లు మార్పించుకోవాలి, మార్చే వీలులేని రకమైతే కొత్తది కొనుక్కోవాలి.