జెల్డా సిరీస్: మూస ఎప్పుడు పుట్టింది, ఎందుకు విడిపోయింది

దశాబ్దాల తరబడి కొనసాగే వీడియోగేమ్ సిరీస్ తన సంప్రదాయ రూపాన్ని మార్చుకోవాలా వద్దా అన్న వాదంలో ఇరుపక్షాలవారూ ఒక విషయాన్ని విచారణ లేకుండానే ఒప్పేసుకుంటారు: ఆ సంప్రదాయం మొదటి ఆటతోనే పుట్టిందని. జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో సంస్థ 1986 నుంచి విడుదల చేస్తూ వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటలను వరుసగా పరిశీలిస్తే ఈ నమ్మకం నిలవదు. అభిమానులు సంప్రదాయమని పిలుచుకునే మూస మొదటి ఆటలో లేనేలేదు. అది 1991లో రూపుదిద్దుకుని, 1998లో గట్టిపడి, 2011 నాటికి భారమై, 2017లో చాలావరకు విడిపోయింది.

మొదటి ‘జెల్డా’ 1986 ఫిబ్రవరి 21న, ఫ్యామికాం అనే గేమ్ యంత్రానికి అదనంగా తగిలించే డిస్క్ పరికరం కోసం వెలువడింది. ఆట ఎంతవరకు వచ్చిందో ఆ డిస్క్‌లో భద్రపరచుకునే వీలుండటంతో, ఒకే విడతలో ముగించనక్కరలేని విశాలమైన ఆటను రూపొందించే అవకాశం మియమోటో షిగెరు, తెజుకా తకాషిలకు దక్కింది. మియమోటో బాల్యం క్యోటో సమీపంలోని సొనోబెలో, కొండల్లోనూ గుహల్లోనూ తిరుగుతూ గడిచింది. తెలియని చోటికి అడుగుపెట్టినప్పటి బెరుకునూ ఉత్సాహాన్నీ ఆటలోకి తేవాలన్నదే తన కోరికని ఆయన తర్వాత పలుమార్లు చెప్పారు. అందుకు తగ్గట్టే హైరూల్ అనే కల్పిత రాజ్యంలో లింక్ అనే బాలుడు చేతిలో కత్తి కూడా లేకుండా ఒక మైదానంలో నిలబడి ఉండగా ఆట మొదలవుతుంది. ఎటు వెళ్ళాలో చెప్పేవారు ఉండరు. నేల కింద దాగిన చిక్కుదారుల కోటలను గేమ్ పరిభాషలో డంజన్‌లు అంటారు. ఈ ఆటలో అవి తొమ్మిది. వాటికి వరుస సంఖ్యలున్నా, కొన్నింటిని వరుస తప్పి చేరుకోవచ్చు. ఏ పొదను కాలిస్తే మెట్లు బయటపడతాయో, ఏ గోడను పేలిస్తే ద్వారం తెరుచుకుంటుందో ఆటగాడే వెతుక్కోవాలి, లేదా తోటివారిని అడిగి తెలుసుకోవాలి.

మరుసటి ఏడాది వచ్చిన రెండో ఆట మొదటిదాన్ని అనుసరించనే లేదు. పై నుంచి చూసే దృశ్యం స్థానంలో చాలావరకు పక్క నుంచి చూసే దృశ్యాన్నీ, పోరాడినకొద్దీ బలం పెంచే అనుభవ పాయింట్ల పద్ధతినీ ప్రవేశపెట్టింది. సిరీస్ స్వరూపం మారకూడదని వాదించేవారు ఈ ఆటను సాధారణంగా దారి తప్పిన బిడ్డగా లెక్కగట్టి పక్కనపెడతారు గాని, రెండో అడుగులోనే దారి మార్చిన సిరీస్‌కు అప్పటికింకా దారి అంటూ ఏర్పడలేదనడమే న్యాయం.

ఆ దారి 1991లో సూపర్ ఫ్యామికాం యంత్రానికి వచ్చిన ‘ఎ లింక్ టు ద పాస్ట్’తో ఏర్పడింది. మొదట మూడు డంజన్‌లు, అవి ముగిశాక మాస్టర్ సోర్డ్ అనే మహిమగల కత్తి, ఆపైన కథ ఒక్కసారిగా మలుపు తిరిగి రెండో లోకంలో మరో ఏడు డంజన్‌లు: తర్వాతి ఆటలు పదేపదే వాడుకున్న ఎత్తుగడ ఇదే. ఇందులో అసలు కీలకం పరికరానికీ అడ్డంకికీ మధ్య ముడి. ఒక డంజన్‌లో దొరికే పరికరం ఆ డంజన్‌లోని చిక్కుముడులను విప్పుతుంది, చివరనుండే రాక్షసుణ్ణి జయించడానికి తరచుగా అదే ఆయుధమవుతుంది, బయటి ప్రపంచంలో అప్పటిదాకా మూసుకుని ఉన్న మరో దారినీ తెరుస్తుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన మాంత్రికుడి ప్రాణం కోసం ఒక్కొక్క అడ్డూ దాటుకుంటూ పోయే కథలు విన్న తెలుగు పాఠకుడికి ఈ అల్లిక కొత్తగా తోచదు. రూపకర్తలకు దీనివల్ల కలిగిన లాభం స్పష్టమైనది: ఆటగాడి దగ్గర ఏ ఘట్టంలో ఏమేమి ఉంటాయో ముందే తెలుస్తుంది కాబట్టి, కష్టాన్ని మెట్టుమెట్టుగా పెంచవచ్చు, కథను వరుసలో చెప్పవచ్చు.

1998 నవంబరులో నింటెండో 64 యంత్రానికి వచ్చిన ‘ఒకారినా ఆఫ్ టైమ్’ ఈ మూసను మూడు కొలతల ప్రపంచంలోకి తీసుకుపోయింది. ఆ ప్రపంచంలో చుట్టూ తిరిగే శత్రువు మీద కత్తి గురి నిలవడమే పెద్ద సమస్య. తయారీ బృందంలోని కొందరు క్యోటోలోని తొయెయ్ సినిమా పార్కుకు వెళ్ళి, అక్కడి కత్తియుద్ధ ప్రదర్శనలో గొలుసు కొడవలి విసిరిన యోధుడు ప్రత్యర్థి చుట్టూ తిరగడం చూసినప్పుడు పరిష్కారం తట్టిందని వారే చెప్పారు. ఒక మీట నొక్కితే చూపు ఒకే శత్రువు మీద నిలిచిపోయే ‘జెడ్ టార్గెటింగ్’ పద్ధతి అలా పుట్టి, తర్వాత లెక్కలేనన్ని ఆటలకు ఆధారమైంది. మూడు కొలతల్లో నడవడమే కొత్తగా ఉన్న ఆనాటి ఆటగాడికి ఏడేళ్ళ కిందటి వరుస ఒక చేతికర్రలా పనికొచ్చింది, కాబట్టి దాన్ని మార్చవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అయితే ఆ ఆట పొందిన అసాధారణ గౌరవం వల్ల చేతికర్ర కాస్తా వెన్నెముకగా చలామణీ అయింది.

తర్వాతి పదేళ్ళలో జరిగిన వాదాలు ఎక్కువగా రంగూరూపుల గురించినవి కావడం విచిత్రం. 2000లో నింటెండో జరిపిన ప్రదర్శనలో వాస్తవికంగా కనిపించే లింక్‌ను చూసి ఆశపడినవారు, మరుసటి ఏడాది కార్టూన్ బొమ్మలా గీసిన ‘విండ్ వేకర్’ దృశ్యాలను చూసి మండిపడ్డారు. 2006లో వచ్చిన ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ మళ్ళీ వాస్తవిక శైలికి మళ్ళి వారిని శాంతింపజేసింది. ఒకదాన్నొకటి పోలని ఈ రెండు ఆటలకూ లోపలి అస్థిపంజరం దాదాపు ఒకటేనన్న సంగతి ఆ గొడవలో పెద్దగా చర్చకు రాలేదు. నిజమైన నిర్మాణ ప్రయోగం వీటికి ముందే, 2000లో ‘మజోరాస్ మాస్క్’లో జరిగింది. ‘ఒకారినా’ డంజన్‌లను తిప్పి రాయమన్న ప్రతిపాదన రుచించని రూపకర్త ఔనుమా ఎయిజి, ఏడాదిలో కొత్త ఆట చేసి చూపమన్న మియమోటో సవాలును స్వీకరించి, పాత బొమ్మలనే మళ్ళీ వాడుకుంటూ, మూడు రోజుల కాలం తిరిగి తిరిగి మొదలయ్యే ఊరిని సృష్టించారు. కొరత నుంచి పుట్టినా సిరీస్‌లో ఇంత సాహసం మళ్ళీ చాలాకాలం కనిపించలేదు.

2011లో వీ యంత్రానికి వచ్చిన ‘స్కైవర్డ్ సోర్డ్’ చేతి కదలికతో కత్తి తిప్పించిన కొత్తదనం కలిగినదే అయినా, ఒకదానితో ఒకటి కలవని మూడు ప్రాంతాలకు ఆటగాణ్ణి మళ్ళీ మళ్ళీ పంపుతూ, వెంట ఉండే పాత్ర చేత అడుగడుగునా సలహాలు చెప్పించింది. వెతుకులాట కోసం పుట్టిన సిరీస్‌లో వెతకడానికి చోటు మిగలలేదు. 2013 జనవరిలో ఔనుమా, ‘జెల్డా’లో ఆనవాయితీగా వస్తున్నవాటిని, ముఖ్యంగా డంజన్‌లను వరుసలోనే ముగించాలన్న నియమాన్ని, పునరాలోచిస్తున్నట్టు బహిరంగంగా ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన ‘ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్’ ఇందుకు తొలి పరీక్ష: పరికరాలు డంజన్‌లలో దొరకడానికి బదులు ఒక దుకాణంలో అద్దెకు దొరుకుతాయి, ఆటగాడు ఓడితే వెనక్కి పోతాయి, అందువల్ల డంజన్‌లను చాలావరకు ఇష్టమొచ్చిన వరుసలో చేరవచ్చు. మూసకు జన్మనిచ్చిన 1991 నాటి ప్రపంచంలోనే మూసను విప్పి చూడటం యాదృచ్ఛికమే కావచ్చు గాని ముచ్చటైన సంగతి.

2017 మార్చి 3న వెలువడిన ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’కు దర్శకుడైన ఫుజిబయాషి హిదెమారో బృందం, నియమాలను సరిచూసుకోవడానికి 1986 నాటి ఆటను పోలిన రెండు కొలతల నమూనాను తయారుచేసుకుంది. చెట్టుకు నిప్పంటుకుంటుందా, ఆ కొమ్మతో దివిటీ వెలిగించవచ్చా అన్న ప్రశ్నలకు ఒక్కో చోట ఒక్కో జవాబు రాసే బదులు, నిప్పు, నీరు, గాలి, విద్యుత్తు ఏ వస్తువుతో ఎలా ప్రవర్తించాలో ప్రపంచమంతటికీ ఒకే నియమావళి ఏర్పరచారు. ముఖ్యమైన శక్తులన్నీ ప్రారంభంలోని పీఠభూమి మీదే దక్కుతాయి; అక్కడి నుంచి నేరుగా చివరి శత్రువు దగ్గరికే పోవచ్చు. అప్పటిదాకా సిరీస్‌లో ఏ ఆటా మూల విడుదలలో కోటి ప్రతులకు చేరలేదు. ఇది స్విచ్ యంత్రం మీదనే 3 కోట్లు దాటింది.

అమ్మకాలు ఎంత పెద్దవైనా వాదాన్ని ముగించవు. పెద్ద డంజన్‌ల స్థానంలో వచ్చిన 120 చిన్న మందిరాలు లోపలి నుంచి ఒకే తీరున కనిపిస్తాయన్నది, నాలుగు ప్రధాన డంజన్‌లు పాతవాటంత లోతుగా లేవన్నది, ఆయుధాలు విరిగిపోతుంటే సంపాదించిన తృప్తి నిలవదన్నది పాత అభిమానుల సణుగుడు మాత్రమే కావు, నిజమైన నష్టాలు. పరికరం దొరికాక పాత దారులను కొత్త కళ్ళతో చూసే ఆనందం వరుస ఉన్నప్పుడే సాధ్యం. 2023 మే 12న వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ ఒక్కో డంజన్‌కు మళ్ళీ కొంత ప్రత్యేకత ఇచ్చినా, ఆ వరుసను తిరిగి తేలేదు. మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. అయితే అది మునుపటి ఆట భూభాగాన్నే చాలావరకు వాడుకుని, పైన ఆకాశ దీవులనూ కింద పాతాళాన్నీ చేర్చింది. ‘ఒకారినా’ ఒకప్పుడు నమూనా అయినట్టే ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ కూడా తర్వాతి ఆటలకు నమూనా అవుతుందన్న అర్థంలో ఔనుమా మాట్లాడటాన్ని బట్టి చూస్తే, మూస లేని కాలం వచ్చిందనడం తొందరపాటు. వచ్చింది మరో మూస, దానికీ 1998 నాటి ప్రమాదమే పొంచి ఉంది.

ఇన్ని మార్పుల మధ్య ఎవరూ అంతగా తడిమి చూడని ఆనవాయితీ ఒకటి చాలాకాలం మిగిలే ఉంది. సిరీస్‌కు పేరిచ్చిన రాకుమారి బందీగానో, మార్గదర్శిగానో, మహా అయితే తోడుగానో ఉండగా కత్తి పట్టింది ఎప్పుడూ లింకే. చివరికి 2024 సెప్టెంబరులో వెలువడిన ‘ఎకోస్ ఆఫ్ విజ్‌డమ్’లో, ఈ సిరీస్‌కు దర్శకత్వం వహించిన తొలి మహిళ సానో తొమోమి సహ దర్శకత్వంలో, 38 ఏళ్ళకు తొలిసారిగా ప్రధాన సిరీస్‌లో జెల్డాయే కథానాయిక అయింది.