జీతం సర్కారుది, గోడ ఎవరిది?

రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో 2025 జులై 25న ప్రభుత్వ పాఠశాల భవనం కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఇటువంటి ఘోరం జరిగిన ప్రతిసారీ ఒక వాదన తలెత్తుతుంది: సర్కారుకు బడులు నడపడం చేతకాదు, డబ్బు మాత్రం ఇచ్చి నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించాలి అని. ఇందుకు అమెరికాలోని చార్టర్ పాఠశాలలను ఉదాహరణగా చూపుతారు. అక్కడ మిన్నెసోటా రాష్ట్రం తొలి చార్టర్ చట్టం చేసింది 1991లో. ప్రభుత్వ ధనం, ప్రైవేటు నిర్వహణ అన్న సూత్రం మనకు అంతకు 137 ఏళ్ల ముందే పరిచయం.

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతిని సిఫారసు చేసింది. దాని వెనుక ఉన్నది పొదుపు లెక్క. కొత్తగా సర్కారు బడులు కట్టడం కంటే మిషనరీలకు, స్థానిక దాతలకు కొంత సాయం చేయడం చవక. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యను జిల్లా, మునిసిపల్ బోర్డులకు అప్పగించాలని సూచించింది. బాధ్యత కిందికి దిగింది కానీ దానికి తగిన నిధి వెంట రాలేదు. నిర్బంధ ప్రాథమిక విద్య కోసం 1911లో గోఖలే తెచ్చిన బిల్లు మరుసటి ఏడాది వీగిపోయింది.

స్వాతంత్ర్యం తరువాత ఈ ఏర్పాటును నిలదీసింది కేరళ. 1957లో విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి తెచ్చిన బిల్లు ఎయిడెడ్ ఉపాధ్యాయులకు ప్రభుత్వమే నేరుగా జీతమివ్వాలని, వారి నియామకాలపై నియంత్రణ ఉండాలని కోరింది. జీతమిచ్చే చేతికి నియామకంలో మాట ఉండాలన్నది తర్కం. యాజమాన్యాలు, చర్చి, నాయర్ సర్వీస్ సొసైటీ ఏకమై విమోచన సమరం సాగించాయి. 1959 జులై 31న ఇ.ఎం.ఎస్. ప్రభుత్వం బర్తరఫ్ అయింది. ఫలితంగా అక్కడి ఎయిడెడ్ బడుల్లో నేటికీ జీతం ఖజానాది, నియామకం మేనేజరుది.

భవనాల చరిత్ర ఇంతకన్నా దీనం. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లయ్యాక, 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పెట్టుకున్న లక్ష్యం ఏమిటి? ప్రతి ప్రాథమిక బడికీ ఎండకూ వానకూ తట్టుకునే రెండు గదులు! 2004 జులై 16న కుంభకోణంలో ప్రైవేటు యాజమాన్యంలోని బడిలో మంటలు రేగి 94 మంది పిల్లలు మరణించారు. కప్పు ఆకులతో నేసినది. ఆ ఘటనపై దాఖలైన అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో సురక్షితమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం అన్ని కాలాలకూ పనికొచ్చే భవనాన్ని తప్పనిసరి చేసింది.

పిప్లోదీలో కూలింది సర్కారు బడి. కుంభకోణంలో కాలింది ప్రైవేటు బడి. యాజమాన్యం మారితే కప్పు దానంతటదే బాగుపడదని చెప్పడానికి ఇంకే రుజువు కావాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ సంస్థల విలీనంపై జరిగిన రగడలో బయటపడిందీ ఇదే చిక్కు. ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం తీసుకుంటే బడి మూతపడుతుందేమోనని, ఫీజుల బడిగా మారుతుందేమోనని తల్లిదండ్రులు వీధికెక్కారు. ప్రజల విరాళాలతో వెలసిన ఆస్తులు ఎవరి పరమవుతాయన్న ప్రశ్న యాజమాన్యాలను కలవరపెట్టింది. విలీనం స్వచ్ఛందమేనని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

కనుక అప్పగింత ఒప్పందం ఏ రాష్ట్రంలో ముందుకొచ్చినా పాఠకులు మొదట వెతకవలసింది మార్కుల హామీలను కాదు. భవనం ఎవరి పేరున ఉంది, మరమ్మతు ఖర్చు ఎవరిది, భద్రతా తనిఖీ నివేదిక ప్రజలకు అందుబాటులో ఉంటుందా, సంస్థ చేతులెత్తేస్తే పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? వీటికి జవాబులు రాయని ఒప్పందం 1854 నాటి పొదుపు లెక్కకు కొత్త పేరు మాత్రమే. నాడూ నేడూ ఆ పొదుపు మూల్యం చెల్లిస్తున్నది పగిలిన కప్పు కింద కూర్చున్న పేద పిల్లలే.