అర్ధవాహక లేసరు – తిరిగివచ్చిన వెలుగు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతపు జాతరలలో మైకు కీచుమని అరచుట అందరును ఎరిగినదే. లౌడుస్పీకరు ధ్వని మరల మైకులో చేరి, మరింత పెద్దదై వెలువడి, తిరిగి మైకునే చేరుట దీనికి కారణము. వెలువడినదానిలో కొంత పుట్టినచోటికే తిరిగివచ్చుటను పునర్నివేశనము అందురు. లేసరునకు ప్రాణము ఇదియే. అదుపు తప్పినచో ముప్పును ఇదియే.

1962 సెప్టెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయమున రాబర్ట్ హాల్ బృందము గాలియం ఆర్సెనైడు స్ఫటికముతో మొదటి అర్ధవాహక లేసరును పనిచేయించినది. దానిని −196 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో ఉంచి, విద్యుత్తును క్షణికముగా మాత్రమే పంపవలసి వచ్చెను. 1970లో లెనిన్‌గ్రాడులో అల్ఫెరోవ్ బృందము, బెల్ పరిశోధనాలయమున హయాషి, పానిష్‌లు గది ఉష్ణోగ్రతలో నిరంతరముగా వెలుగు లేసరును సాధించిరి. గాజు తంతువుల ద్వారా వార్తలు పంపుటకు దారి ఏర్పడినది.

అంతట చిక్కు వచ్చిపడినది. తంతువు కొననుండి రవంత కాంతి వెనుకకు తుళ్ళి లేసరును చేరగనే వెలుగు తడబడసాగెను. ఇతర లేసరులకంటె దీనికే ఈ బెడద ఎక్కువ. ఏల? హీలియం–నియాను లేసరు దర్పణములు నూటికి తొంబదితొమ్మిది వంతుల కాంతిని ప్రతిఫలింపజేయును. అర్ధవాహక లేసరునకు స్ఫటిక ముఖములే దర్పణములు. అవి ప్రతిఫలింపజేయునది సుమారు ముప్పది వంతులే. తలుపు ఓరగా తెరచిన ఇంటిలోనికి గాలి దూరినట్లు, బయటి కాంతి సులభముగా లోనికి దూరును. అంతేగాక, లోపలి కాంతి మారిన ఎలక్ట్రానుల సంఖ్య మారును. దానితో వక్రీభవన గుణకము, దానితో తరంగదైర్ఘ్యము మారును. ఈ సంబంధమును 1982లో చార్లెస్ హెన్రీ వివరించెను.

కాలవ్యవధియు ముఖ్యమే. బయటి దర్పణము 15 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో కాంతి పోయి వచ్చుటకు సెకనులో నూరుకోట్లవ వంతు పట్టును. ఆ లోపల, 0.3 మిల్లీమీటర్ల స్ఫటికములో కాంతి నూరుమారులకు పైగా అటునిటు తిరిగివచ్చును. కనుక తిరిగివచ్చిన కాంతి పాత కబురును మోసికొని వచ్చును. 1980లో జపాను దేశమున లాంగ్, కొబయాషిలు ఈ ఆలస్యమును సమీకరణములలో చేర్చిరి. నేటికిని పరిశోధకులకు ఆ సమీకరణములే ఆధారము.

1986లో బెల్ పరిశోధనాలయపు ట్కాచ్, క్రాప్లివీలు తిరిగివచ్చు కాంతి పరిమాణమునుబట్టి లేసరు ప్రవర్తనను ఐదు దశలుగా విభజించిరి. పదివేలలో ఒక వంతును మించి తిరిగివచ్చినచో నాల్గవ దశ ప్రారంభమగును. ఒకే రంగుగా ఉన్న కాంతి చెదరి అస్తవ్యస్తమగును. కాంతి పెద్దవంతు తిరిగివచ్చు ఐదవ దశలో మాత్రము అది మరల స్థిరపడును!

దీనినుండి రెండు మార్గములు ఏర్పడినవి. మొదటిది కాంతిని రానీయకుండుట. 1845లో ఫారడే కనుగొనిన సూత్రముపై పనిచేయు ఏకమార్గ సాధనము కాంతిని ముందుకు పోనిచ్చి, వెనుకకు రానీయదు. రెండవది కోరి ఆహ్వానించుట. స్ఫటిక ముఖమునకు ప్రతిఫలనమును తగ్గించు పూత పూసి, బయట వివర్తన జాలకమును నిలిపినచో, అది ఎన్నుకొనిన రంగు మాత్రమే తిరిగివచ్చును. ఇదియే బాహ్య కుహర లేసరు. 1995లో కార్నెల్, వీమన్‌లు రుబీడియము పరమాణువులను చల్లార్చి బోస్–ఐన్‌స్టయిన్ ద్రవ్యమును సృష్టించినపుడు చౌకయైన అర్ధవాహక లేసరులే తోడ్పడినవి. అస్తవ్యస్తమైన నాల్గవ దశయు వృథా కాలేదు: 2005లో ఏథెన్సు నగరమున 120 కిలోమీటర్ల తంతువుపై, ఆ చెదరిన కాంతిలోనే సందేశమును దాచి పంపిరి.

నేడు కరీంనగరమునుండి ఆదిలాబాదునకు పోవు మాట గాజు తంతువులో పయనించునపుడు, దాని వెనుక ఈ శోధనల ఫలము కలదు. దోషమని తోచినదానిని తరిమివేయుటతో సరిపెట్టక, దాని కొలతను తెలిసికొనిన వారికి అదియే సాధనమైనది.