జాగ్వార్ అందం, పోర్షే మొండితనం

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి జాగ్వార్ ఈ-టైప్ గొప్పదా, పోర్షే 911 గొప్పదా అని అడిగి చూడండి. టీ చల్లారిపోతుంది గానీ వాదన తెగదు. నా వంతు నేనూ చెప్తాను.

ముందు ఇంగ్లండు కారు. ఈ-టైప్‌ని 1961 మార్చిలో జెనీవాలో జనానికి చూపించారు. దాని ఒంపులు గీసిన మాల్కమ్ సేయర్ అంతకుముందు విమానాల కంపెనీలో పనిచేసినవాడు. గాలి లెక్కలు కట్టి మరీ గీశాడు. 3.8 లీటర్ల ఇంజను, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, గంటకి 150 మైళ్ళ వేగమని కంపెనీ మాట. ధర చూస్తే ఫెరారీలో సగం కూడా లేదు. పుట్టుకతోనే అన్నీ అమరిపోయాయన్నమాట.

జర్మన్ కారు సంగతి వేరు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న పేర్లు మావని ప్యూజో వాళ్ళు పేచీ పెడితే 911 చేశారు. ఇంజను రెండు లీటర్లే, 130 గుర్రాల బలం. అసలు చిక్కల్లా ఆ ఇంజను వెనక చక్రాలకి కూడా వెనక ఉండటం. బీటిల్ కారు నాటి అలవాటది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారో, తోక గిర్రున తిరిగిపోయేది.

మరి ఏం చేశారు? మొదట్లో ముందు బంపర్ మూలల్లో బరువులు పెట్టారు. (నవ్వకండి, మనమూ ఇలాంటి ప్యాచ్‌లు వేసినవాళ్ళమే!) 1969 మోడల్‌కి వెనక చక్రాలని 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. 1972లో కారెరా ఆర్ఎస్‌కి బాతు తోకలాంటి రెక్క పెట్టారు. 1993లో వెనక సస్పెన్షన్ మొత్తం మార్చారు. ఇంజను మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈలోగా జాగ్వార్ 1966లో బీఎంసీతో కలిసింది, 1968లో బ్రిటిష్ లేలాండ్‌లో మునిగింది. అమెరికా రూల్స్ కోసం ఈ-టైప్ హెడ్‌లైట్ల మీది అద్దాలు పోయాయి. 1971లో వీ12 ఇంజను వచ్చి ఒళ్ళూ పెరిగింది. 72 వేల పైచిలుకు కార్లతో 1974లో కథ ముగిసింది. తర్వాత వచ్చిన ఎక్స్‌జే-ఎస్ పూర్తిగా వేరే బండి.

911 కూడా చావు అంచుదాకా వెళ్ళొచ్చిందే. దాని స్థానంలోకని పోర్షే వాళ్ళే 928ని తెచ్చారు. 1981లో పీటర్ షుట్జ్ అనే కొత్త బాస్ వచ్చి 911ని కొనసాగించమన్నాడు. 2017లో పది లక్షలో 911 తయారైంది.

ఒకప్పుడు నేనూ "ఈ పాత కోడ్ చెత్త, మొదట్నించి రాద్దాం" అని పట్టుబట్టి పారేయించాను. అందులో ఏళ్ళ తరబడి దిద్దిన తప్పులన్నీ కొత్తదాంట్లో ఒక్కొక్కటే మళ్ళీ మొలిచాయి. డిజైన్ తప్పే కావచ్చు, కానీ దాన్ని దిద్దుతూ నేర్చుకున్నది కూడా అందులోనే ఉంటుందని అప్పుడు తెలియలేదు.

అందుకే, కళ్ళప్పగించి చూడ్డానికైతే నా ఓటు ఈ-టైప్‌కే. పని నేర్చుకోడానికి మాత్రం 911.