క్రిస్మస్ కుండీలో మెక్సికో

థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లిందో లేదో ఇక్కడ అమెరికాలో సూపర్‌మార్కెట్ల గుమ్మాల్లో ఎర్రాకుల కుండీలు బారులు తీరతాయి. పేరు పాయిన్‌సెట్టియా. డిసెంబరు 12న దీనికో జాతీయ దినం కూడా ఉంది. 1851లో జోయెల్ రాబర్ట్స్ పాయిన్‌సెట్ అనే పెద్దమనిషి చనిపోయిన రోజది. అమెరికా చరిత్ర చెప్పమని మనవాళ్లెవరైనా అడిగితే నేను వాషింగ్టన్ దగ్గర మొదలుపెట్టను, ఈయన దగ్గర మొదలుపెడతాను.

దక్షిణ కరోలినా మనిషి. వైద్యం చదివాడు, మొక్కల పిచ్చి ఉంది. మెక్సికో స్పెయిన్ నుంచి విడిపడి నాలుగేళ్లయినా కాకముందే, 1825లో, అక్కడికి అమెరికా తొలి రాయబారిగా వెళ్లాడు. చేతిలో పెట్టి పంపిన పనుల్లో ఒకటి టెక్సాస్‌ను కొనుక్కురావడం. మెక్సికో అమ్మనంది. ఈయన ఊరుకోకుండా అక్కడి పార్టీ తగాదాల్లో తలదూర్చాడు. చివరికి ఈ రాయబారి మాకొద్దు, వెనక్కి పిలిపించుకోండని ఆ దేశమే అడిగింది. భూమి దొరకలేదు గానీ మొక్క దొరికింది. తాస్కో కొండల వైపు చలికాలంలో ఎర్రబారే పొదలు చూసి ఇంటికి పంపాడు. 1829లో ఫిలడెల్ఫియా పూల ప్రదర్శనలో జనం దాన్ని చూశారు.

నిజానికి అది ఎవరూ కనిపెట్టాల్సిన మొక్క కాదు. మెక్సికో పాతకాలపు అజ్టెక్కులు దాని ఎర్రాకుల నుంచి రంగు తీసేవారు, కొమ్మల్లోంచి కారే పాలను జ్వరానికి వాడేవారు. స్పెయిన్ నుంచి వచ్చిన సన్యాసులు దాన్ని క్రిస్మస్ ఊరేగింపుల్లోకి తెచ్చారు. అయినా పేరు మాత్రం రాయబారిది. ఆయన తర్వాత అమెరికా యుద్ధమంత్రి అయ్యాడు. చెరోకీ ఆదివాసులను సొంత నేల నుంచి తరిమేసిన 1838లో ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. 1846లో మెక్సికోతో యుద్ధం, 1848లో ఒడంబడిక. కొనబోతే కుదరని భూమి కంటే ఎంతో ఎక్కువ నేల తుపాకితో వచ్చింది. నేను అద్దెకుంటున్న శాన్ డియాగో కౌంటీ కూడా ఆ మూటలోదే.

ఈ కౌంటీలోని ఎన్సినిటాస్ అనే ఊళ్లోనే మొక్క రెండో కథ నడిచింది. జర్మనీ నుంచి వలసవచ్చిన ఎకె కుటుంబం హాలీవుడ్‌లో రోడ్డు పక్కన ఈ ఎర్ర కొమ్మలు కోసి అమ్మేది. 1923లో ఇక్కడికి మారింది. మూడో తరం పాల్ ఎకె జూనియర్ టీవీ స్టూడియోలకు కుండీలు ఊరికే పంపేవాడు. తెరమీద రోజూ కనిపిస్తే ఇంటింటికీ కావాల్సిందే కదా!

అసలు గుట్టు మాత్రం అంటులో ఉంది. అడవి మొక్క పొడుగ్గా, బోసిగా పెరుగుతుంది. ఎకెల మొక్క గుబురుగా ఉండేది. ఎలాగో మిగతా వ్యాపారులకు చాలాకాలం అంతుపట్టలేదు. గుబురు మొక్కతో అంటు కడితే రెండోదీ గుబురవుతుందన్న సంగతి 1990ల్లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు బయటపెట్టాడు. దానికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని 1997లో తేలింది. అంటే జనం ముచ్చటపడి కొనే ఆ గుబురంతా ఒక తెగులు పుణ్యం. ఈలోగా ఎకెలు కొమ్మల పెంపకాన్ని కూలి చవగ్గా దొరికే గ్వాటెమాలాకు తరలించారు. అదీ ఈ జాతికి పుట్టిల్లే. 2012లో వ్యాపారమే అమ్మేశారు.

ఇక్కడ చాలామంది జనవరిలో కుండీని చెత్తబుట్టలో పడేస్తారు. నాకు చేతులు రావు. కుండీకి చుట్టిన మెరుపుకాగితం ముందు తీసేయాలి. అడుగున నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లేది దానివల్లే. పైమట్టి తడారాకే నీళ్లు పొయ్యాలి. మార్చిలో జానెడు మిగిల్చి కత్తిరిస్తే తెల్లటి పాలు కారతాయి. రెడ్డివారి నానుబాలు, జెముడు దీని చుట్టాలే. ఆ పాలు చర్మానికి దురద పుట్టించవచ్చు. ఈ మొక్క ప్రాణం తీస్తుందన్నది మాత్రం 1919లో హవాయిలో పుట్టిన పుకారు.

ఎర్రబారేవి పూలు కావు, ఆకులు. మన కాగితం పూలలాగే. మధ్యలో పసుపుగా నలకల్లా ఉండేవే పూలు. ఆకు ఎర్రబడాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి. ఇళ్లల్లో అర్ధరాత్రి దాకా దీపాలు వెలుగుతాయి గనక, అక్టోబరు మొదలు సాయంత్రం ఐదు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా మొక్కను అట్టపెట్టెతో మూస్తాను. "ఏమండీ, దాన్ని పడుకోబెట్టారా?" అని మా ఆవిడ రోజూ వంటింట్లోంచి వేళాకోళం. పగలు మాత్రం తీసి వెలుతురులో పెట్టాలి. రెండు నెలలు ఓపిక పడితే రంగు తిరుగుతుంది.

మన తెలుగు ఊళ్లలో ఉండే మీకు ఈ పెట్టె గొడవ లేదు. అక్కడ నేలలో నాటితే నిలువెత్తు పొదవుతుంది, చలికాలపు రాత్రులే దాన్ని ఎర్రబరుస్తాయి. వీధిదీపం, వరండా బల్బు వెలుగు పడని మూల చూసుకోండి. తొలకరి పడ్డాక కొమ్మ గుచ్చండి, నీళ్లు నిలవనివ్వకండి. ఆగస్టు దాటాక మాత్రం కత్తెర ముట్టుకోకండి.